గడియారం సెంటర్‌లో బోర్లించిన బిందెలు

అవ్వా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈ రోజు మా కాలేజీలో నల్లగొండ పాత ఫొటోల ప్రదర్శన పెట్టారు. ఒక ఫొటోలో నువ్వున్నావు. గడియారం సెంటర్‌లో, మన ఊరి ఆడవాళ్లతో కలిసి, కొంగు నడుముకు చెక్కి నడిరోడ్డు మీద కూర్చున్నావు.

కింద మాత్రం ‘నీళ్ల ట్యాంకర్ కోసం ఎదురుచూస్తున్న మహిళలు’ అని రాసి ఉంది. నాకు ఒళ్లు మండింది. నేరుగా ప్రదర్శన పెట్టిన మా తెలుగు సారు దగ్గరికి వెళ్లాను.

“ఇది తప్పు సార్. వీళ్లు ధర్నా చేస్తున్నరు.”

“ఎట్ల చెప్తవమ్మా? అందరి ముంగట బిందెలున్నయి గదా?”

“అన్నీ బోర్లించి ఉన్నయి, చూడున్రి. నీళ్లకొచ్చినోళ్లు బిందె బోర్లిస్తరా సార్? ఫ్లోరైడ్ నీళ్లొద్దు, మంచినీళ్లిచ్చేదాక లేవమని మా అవ్వోళ్లు బస్సులాపిన్రు.”

సారు కళ్లద్దాలు తీసి, ఫొటోకు ముక్కు ఆనించినంత దగ్గరగా చూశారు.

“నిజమే బిడ్డా. మాకెవ్వలకు తట్టలే. నువ్వే రాయి” అని పెన్ను చేతికిచ్చారు.

ఏది రాయాలన్నా మంచి మాట కోసం గంటలు గంటలు వెతికే నేను, ఈసారి క్షణం కూడా ఆగలేదు. ‘మంచినీళ్ల కోసం బిందెలు బోర్లించి రోడ్డును ఆపిన ఆడవాళ్లు’ అని రాశాను. మొదట నీ పేరు, సాయమ్మ. తర్వాత నువ్వు చెప్పగా విన్న పేర్లన్నీ.

చివర కూర్చుని నవ్వుతున్న ఆమె ఎవరో నాకు తెలియలేదు. రేపు మన వాడకట్టులో పెద్దోళ్లను అడుగుతాను. ఆమె పేరుకు జాగా వదిలిపెట్టాను.

నీ మనవరాలు