తలుపు లోపలి వైపు

రాజోలు,
3-7-1997.

పెయింటర్ సూరిబాబు గారికి రాజేశ్వరమ్మ నమస్కారాలు. ఇక్కడ మేమిద్దరం క్షేమం.

నేనెవరో మీకు గుర్తుండకపోవచ్చు. కిందటేడు మీరు మా పోస్టాఫీసు బోర్డు రాయడానికి వచ్చినప్పుడు మా వరండాలో కూర్చుని మజ్జిగ తాగారు. మా వారు కామేశ్వరరావు గారు అప్పుడక్కడ పోస్టుమాష్టారు. ఇప్పుడు రిటైరయ్యారు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఎవరి ఉత్తరమూ పోగొట్టని మనిషి, ఇప్పుడు బయటికి తీసుకెళ్ళిన తన వస్తువు ఒక్కటీ తిరిగి ఇంటికి తేవడం లేదు. కళ్ళజోడు మంగలి దుకాణంలో ఉంటుంది, గొడుగు కాలవ రేవులో ఉంటుంది, తాళంచెవి ఎక్కడుంటుందో దేవుడికే తెలియాలి. కోప్పడదామంటే చందమామని చూసినట్టు నన్ను చూసి నవ్వుతారు.

నాకొక ఉపాయం తోచింది. మా వీధి తలుపుకి లోపలి వైపు గొడుగు, కళ్ళజోడు, తాళంచెవి అచ్చం నిజంవాటిలా బొమ్మలు వేసిపెట్టండి. గడియ తీసేటప్పుడు కంటపడితే అన్నీ గుర్తొస్తాయి. ఇందుకోసం మీరు ఇంత దూరం రావడం దేనికని తలుపే ఊడదీయించి, వీర్రాజు కొబ్బరికాయల లారీలో పంపుతున్నాను. అది తిరిగొచ్చేదాకా గుమ్మానికి పాత చీర కట్టుకుంటాం.

ఇట్లు,
రాజేశ్వరమ్మ

తా.క.: ఈ ఉత్తరం పోస్టులో వెయ్యమని ఆయన చేతికే ఇస్తున్నాను. ఆలస్యంగా అందితే నా బాధ మీకు ఇంకా బాగా అర్థమవుతుంది.

*

కొత్తపేట,
19-7-1997.

అమ్మగారికి సూరిబాబు వందనాలు.

మీ ఉత్తరం నిన్న అందింది. తలుపు మాత్రం రెండు వారాల ముందే అందిందండి. లారీ వాళ్ళు దించేసి, "మీదేనండి, ఆయ్" అని చక్కాపోయారు. ఎవరో కోళ్ళ దుకాణం వాళ్ళు బోర్డు రాయమని చెక్క పంపుతామన్నట్టు గుర్తు. ఇదే ఆ చెక్క కాబోలనుకుని "ఇచ్చట నాటుకోళ్ళు అమ్మబడును" అని రాసి, పక్కన ఒక పుంజుని వేశాను. పుంజు చాలా బాగా కుదిరింది. మీ ఉత్తరం చదివాక నాలిక కరుచుకుని, తలుపు తిరగేసి, రెండో వైపు మీరు చెప్పినవి వేశాను.

వేస్తున్నంతసేపూ మాష్టారి గురించే ఆలోచించానండి. వారపత్రికల్లో మతిమరుపు మనిషి బొమ్మ వెయ్యాలంటే కళ్ళజోడు నుదుటి మీద పెట్టి, దాన్నే మంచం కింద వెతుకుతున్నట్టు వేస్తారు. అది మతిమరుపు కాదండి, కంగారు. అసలైన మతిమరుపు మనిషి దేన్నీ వెతకడు. కాలవ గట్టున నిలబడి గుర్రపుడెక్క పూలు తేలుతూ పోతుంటే చూస్తూ ఉంటాడు. చేతిలో గొడుగు ఎప్పుడు జారిందో తెలియదు. మొహం మాత్రం ఎంతో హాయిగా ఉంటుంది. అలాంటి బొమ్మ ఒకటి వెయ్యాలని నాకు చాలా రోజులుగా ఆశ.

నాదీ అదే జబ్బు లెండి. మా పుష్పలత ఉన్నన్నాళ్ళూ నా బ్రష్షులు ఆవిడే వెతికిపెట్టేది. పోయి ఎనిమిదేళ్ళయింది. ఈ చుట్టుపక్కల గోడల మీద పెద్దవాళ్ళ పటాలు సగం నేను వేసినవే. ఆవిడ పటం మాత్రం రేపు వేద్దాం, రేపు వేద్దాం అంటూ వెయ్యలేకపోయాను. ఫొటో కూడా లేదు. ఇప్పుడు వేద్దామని కూర్చుంటే చీర రంగు గుర్తొస్తుంది, గొంతు గుర్తొస్తుంది, మొహం దగ్గరికొచ్చేసరికి అంతా మంచు. తలుపు సంగతి రాయబోయి ఏదేదో రాసేశాను, మన్నించండి.

ఇట్లు,
సూరిబాబు

తా.క.: మొదటి వైపు ఉన్న పుంజునీ అక్షరాలనీ చెరిపెయ్యాలనుకున్నాను. చెరిపానో లేదో గుర్తు రావడం లేదు. లారీ వెళ్ళిపోయింది.

*

రాజోలు,
2-8-1997.

సూరిబాబు గారికి నమస్కారాలు.

చెరపలేదండి. తలుపు బిగించిన రోజు నుంచీ కోళ్ళ కోసం జనం వస్తూనే ఉన్నారు. మా వారు అందరికీ "ఆయ్, రేపు రండి" అని మర్యాదగా చెప్పి పంపుతున్నారు. నిన్న నన్ను పక్కకి పిలిచి, "మనం కోళ్ళ వ్యాపారం ఎప్పుడు పెట్టేం?" అని అడిగారు. తలుపు లేని రోజుల్లో ఇంకో తమాషా జరిగింది. చీర కట్టిన గుమ్మం మనది కాదనుకుని ఇల్లు దాటి కాలవ దాకా వెళ్ళిపోయేవారు.

లోపలి బొమ్మలు అద్భుతం. అదే వచ్చిన చిక్కు. బయటికి వెళ్తూ తలుపు వంక చూసి, "గొడుగుంది, కళ్ళజోడుంది, తాళంచెవుంది" అనుకుని తృప్తిగా ఉత్త చేతులతో వెళ్ళిపోతున్నారు. ఒకరోజు గొడుగు తీసుకోబోతే అది ఊడిరాలేదట. "మేకుకి పట్టేసినట్టుంది, వదిలెయ్" అని వానలోనే వెళ్ళారు.

ఇంతవరకూ నవ్వుతాలే. కిందటి ఆదివారం రాజమండ్రిలో చుట్టాలని చూసుకుని వస్తున్నాం. జొన్నాడలో బస్సు ఆగితే అరటిపళ్ళు కొందామని దిగాను. ఆయన కిటికీలోంచి గోదావరి వంక చూస్తూ కూర్చున్నారు. బస్సు కదిలిపోయింది. నేను వెనక బస్సు పట్టుకుని ఇంటికి చేరేసరికి పడక్కుర్చీలో ఉన్నారు.

"ఏదో మర్చిపోయి వచ్చేననిపిస్తోంది రాజేశ్వరీ" అన్నారు. "తలుపు చూసేను. గొడుగుంది, కళ్ళజోడుంది. ఇంకేంటా అని ఇందాకట్నుంచీ ఆలోచిస్తున్నాను."

ఊరంతా నవ్వింది, నేనూ నవ్వాను. కానీ భయం పట్టుకుందండి. ఇవాళ బస్సులో నన్ను మర్చిపోయిన మనిషి రేపు నేను అన్నం వడ్డిస్తుంటే "ఎవరండీ మీరు" అంటే నా గతేమిటి? గొడుగు పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు. నేను ఆయన బుర్రలోంచి పోతే నన్ను ఏ రేవులో వెతికి తెచ్చుకుంటారు? తలుపు మళ్ళీ పంపుతున్నాను. ఆ గొడుగూ గిడుగూ తీసేసి నా మొహం వెయ్యండి. వెళ్ళేటప్పుడల్లా నన్ను చూసి వెళ్తారు. ఫొటో ఇందులోనే పెట్టాను.

ఇట్లు,
రాజేశ్వరమ్మ

తా.క.: ఈ ఉత్తరం నేనే స్వయంగా డబ్బాలో వేశాను. ఆయన నా వెంట వచ్చి, డబ్బా తాళం తన దగ్గరే ఉందేమోనని జేబులన్నీ వెతుక్కున్నారు.

*

కొత్తపేట,
14-8-1997.

అమ్మగారికి వందనాలు.

మీ భయం నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదండి. అందుకే మిగతా పనులన్నీ పక్కన పెట్టి మీ తలుపు పట్టుకున్నాను. ఆ వేళ జల్లు పడుతోంది. రేకుల మీద చప్పుడు వింటూ కూర్చుంటే చెయ్యి దానంతటదే నడిచింది. తలెత్తి చూసేసరికి దీపాలు పెట్టే వేళయింది, మొహం పూర్తయింది. నా సర్వీసులో ఇంత తేలిగ్గా ఏ మొహమూ రాలేదు. కరెంటు పోయింది, బయట వీర్రాజు హారన్ కొడుతున్నాడు, నా కళ్ళజోడు కనపడలేదు. సరిగ్గా చూసుకోకుండానే తలుపు లారీ ఎక్కించేశాను. బాగుంటుందనే నా నమ్మకం.

ఇట్లు,
సూరిబాబు

తా.క.: అక్షరాలు చెరిపేశాను, ఒట్టు. పుంజుని చెరపడానికి మనసొప్పలేదు.

రెండో తా.క.: మీ ఫొటో పోకుండా ఎక్కడో భద్రంగా దాచాను. ఎక్కడన్నది గుర్తు రాలేదు. మజ్జిగ ఇచ్చిన రోజు మిమ్మల్ని చూశాను కదా, ఆ ధైర్యంతో వేశాను.

*

రాజోలు,
22-8-1997.

సూరిబాబు గారికి నమస్కారాలు.

ఎలా రాయాలో తెలియడం లేదు. తలుపు బిగించగానే పక్కింటి దుర్గమ్మ గారు "అచ్చం మీరేనండీ" అన్నారు. లారీ దించిన వాళ్ళూ అదే అన్నారు. నేను ఎంతసేపు చూసినా నాలా అనిపించలేదు. వయసు మీద పడింది, ఇలాగే ఉన్నాను కాబోలని సరిపెట్టుకున్నాను.

సాయంత్రం ఆయన బయల్దేరుతూ తలుపు ముందు ఆగిపోయారు. కదలరు. నేను వెనకాల స్తంభం పట్టుకుని నిలబడ్డాను.

"రాజేశ్వరీ, ఈవిడెవరు?" అన్నారు.

నా ప్రాణం పోయినంత పనైంది. "నేనేనండి, గుర్తుపట్టలేదా?" అన్నాను.

"నువ్వేంటి? నీకు ఎడం కనుబొమ కింద పుట్టుమచ్చ ఉంటుంది. నవ్వితే కుడిబుగ్గ ఒక్కటే సొట్ట పడుతుంది, ఈవిడకి రెండు బుగ్గలూ పడ్డాయి. నువ్వు ఇలా దూరంగా ఎటో చూడవు, నా మొహంలోకే చూస్తావు. ఎవరో పరాయావిణ్ణి తెచ్చి మన తలుపుకి పెట్టేరు, పాపం."

పెళ్ళయి ముప్ఫై ఎనిమిదేళ్ళయింది. ఆ సొట్ట సంగతి నాకే తెలియదండి. గుమ్మంలో కూర్చుని ఏడ్చేశాను. ఆయన కాసేపు నా తల నిమిరి, చెప్పులు కూడా వేసుకోకుండా కాలవ వైపు వెళ్ళిపోయారు. వెళ్తే వెళ్ళనీ, ఇక నాకు బెంగ లేదు.

ఇంతకీ ఎవరండీ ఈవిడ? పడవ కోసం చూస్తున్నట్టు ఎంతో నెమ్మదిగా ఉంది. రోజూ చూసి చూసి నాకూ స్నేహం కుదిరింది. ఒక చెవికే దుద్దు వేశారు, రెండోది మీ అలవాటు ప్రకారం మర్చిపోయినట్టున్నారు. తలుపు పంపితే వేస్తారా?

ఇట్లు,
రాజేశ్వరమ్మ

తా.క.: పుంజు అలాగే ఉండటంతో జనం ఇంకా వస్తున్నారు. నిన్న మా వారు ఒకాయన దగ్గర రెండు కోళ్ళు కొన్నారు, రేపు రమ్మన్న వాళ్ళ దగ్గర మాట పోకూడదని.

*

కొత్తపేట,
25-8-1997.

అమ్మగారికి వందనాలు.

దుద్దు సంగతి చదివి ఉత్తరం కింద పెట్టేశాను. మళ్ళీ తీసి చదివాను.

పెళ్ళైన ఏడాది కాలవలో స్నానం చేస్తుంటే మా పుష్పలత ఎడంచెవి దుద్దు జారిపోయింది. రేపు ఇంకోటి తెస్తానన్నాను. మర్చిపోయాను. నాకు గుర్తొచ్చేదాకా ఇంతేనని ఆవిడ ఒంటి దుద్దుతోనే తిరిగింది. ఇరవై రెండేళ్ళు తిరిగింది. చర్చిలో అందరూ నవ్వినా తీయలేదు. నవ్వితే ఆవిడకి రెండు బుగ్గలూ సొట్ట పడేవి. అది కూడా మాష్టారు చెబితేగాని నాకు గుర్తు రాలేదు.

ఎనిమిదేళ్ళు కూర్చుని వెతికితే దొరకని మనిషి, నేను మీ గురించి ఆలోచిస్తుంటే వచ్చి మీ తలుపు మీద కూర్చుంది. ఆ తలుపు నాకు ఇచ్చెయ్యండమ్మా. వీర్రాజు లారీలోనే మీకు కొత్త టేకు తలుపు పంపుతున్నాను, రెండు వైపులా ఏమీ వెయ్యలేదు. మీకిక తలుపు మీద బొమ్మ అక్కర్లేదు.

రెండో దుద్దు మాత్రం వెయ్యను. వేస్తే ఆవిడ మా పుష్పలత కాకుండా పోతుంది.

ఇట్లు,
సూరిబాబు

తా.క.: మీ ఫొటో నా పాటల పుస్తకంలో దొరికింది, ఈ కవర్లో పెడుతున్నాను. పుట్టుమచ్చ మాష్టారు చెప్పిన చోటే ఉంది. ఒకవేళ కవర్లో ఫొటో లేకపోతే మర్చిపోయానని అనుకుని, మాష్టారినే అడగండి. మీ మొహం ఆయన దగ్గర భద్రంగా ఉంది.