రెండో తాళంచెవి

యాదన్నా,

నువ్వు పోయాక ఇదే మొదటి దసరా. ఫ్యాక్టరీలో మిషన్లన్నిటికీ పూజ చేశారు. మన కంప్యూటర్ గదిలో సర్వర్ మీది సిమెంటు దుమ్ము తుడిచి, నేనే బొట్టు పెట్టాను. కొబ్బరికాయ మాత్రం నువ్వు చెప్పినట్టే గడప బయట కొట్టాను.

ఏటా పూజయ్యాక నువ్వు చేసే పని కూడా మానలేదు. ఆ యూనిక్స్ సర్వర్‌లో అడ్మిన్ అకౌంట్‌కు తోడుగా నువ్వు ఉంచిన రెండో అకౌంట్‌తో లోపలికి వెళ్లి చూశాను. పనిచేస్తోంది. "ఒకటి మొరాయిస్తే ఇంకోటి ఉండాలె చెల్లె. ఒక తాళంచెయ్యి నీ దగ్గర, ఒకటి నా దగ్గర" అనేవాడివి. నీ పాస్‌వర్డ్ నాకు తాండూర్ ఆసుపత్రిలో చెప్పావు.

నిన్న కంప్యూటర్ల తనిఖీకి వచ్చినాయన ఆ అకౌంట్ దగ్గర ఆగాడు. ఇలాంటి పాతవి దొంగలకు తెరిచిపెట్టిన పెరటి తలుపులట, తీసేయమన్నాడు. నాకు ఒళ్లు మండింది.

"పాతదైతేంది సార్? మొదటిది ఖరాబైతే గిదే దిక్కు" అని గట్టిగానే అన్నాను.

ఆయన కోప్పడలేదు. "సరే, ఉంచుదాం. రెండోది ఎవరి దగ్గరుంటది మేడం?"

"నా దగ్గరనే."

"మరి మొదటిది?"

"అది గూడ నా దగ్గరనే."

సాయంత్రం ఇంటికెళ్లే యాలాల్ బస్సు వచ్చేలోపు నా చేత్తోనే ఆ అకౌంట్ తీసేశాను. తీసేముందు ఒక్కసారి నీ పాస్‌వర్డ్ కొట్టి లోపలికి వెళ్లాను.

పనేం లేదన్నా. ఊరికే.