చిల్కా పచ్చపై విచారణ ముగిసినది

సంత పోటీల కమిటీ అధ్యక్షుల వారికి,

అయ్యా,

చిల్కా ఆకుతో మేము అద్దిన శాలువాను, ఆకు నుండి ఇంత పచ్చ రాదనీ అది ఫ్యాక్టరీ రంగేననీ తమరు పోటీ నుండి తొలగించారు. విచారణకై తమరు పంపిన ఇంజనీరు గారు నిన్న స్వయంగా ఆకులు కోసి, రంగు పట్టేందుకు కొల్పా రాతిపొడి చల్లి, ఉడుకుతున్న కుండలోకి అనుమానంగా చూశారు. కుండ ముందు మొహం మాడ్చుకుంటే రంగు విరుగుతుందని మా నమ్మకం.

"నవ్వు నాయనా, లేదా అవతలికి నడు!" అని మా సంఘంలో అందరికన్నా పెద్దదైన సతుర్నీనా అవ్వ గద్దించింది.

ఆయన నవ్వుతూ వంగగా, మెడలోని తెల్ల అల్పాకా ఉన్ని కండువా కుండలో పడింది. చల్లారాక ఆయనే చేతులతో తీసి చూస్తే, అచ్చం మా శాలువా పచ్చే.

"ఉతికితే పోతుందా, అవ్వా?"

"పోతే మేం ఓడినట్టే. ఉతుక్కో!"

పోలేదు. కావున మొదటి బహుమతిని ఆదివారం బ్యాండు మేళంతో పంపగలరు. సాక్షి సంతకం ఇంజనీరు గారిది. కాగితం మీది పచ్చని వేలిముద్రలూ వారివే.

కార్యదర్శి,
కుస్కో కొండల నేత మహిళల సంఘం