కాలేసాబ్ ఇంట్లో సోఫా

పెనుకొండ, 6-7-1998

హిందూపురం శ్రీ పెన్నా మహిళా డిగ్రీ కళాశాల ప్రిన్సిపాల్ భవాని మేడం గారికి, పరుపులు కుట్టే కాలేసాబ్ వంగి వంగి చేసే నమస్కారాలు.

మా అమ్మాయి రిహానాకు సగం ఫీజు తగ్గించారు. మీ మేలు మరువను. కానీ మిగతా సగం కట్టడం నా వల్ల కాదు. పెళ్ళిళ్ళుంటేనే నాకు పరుపుల పని. ఇప్పుడేమో ఆషాఢం. ఫీజు మొత్తం తగ్గించకపోతే పిల్లను చదువు మాన్పించి చేతికి సూది ఇవ్వాలి. లెక్కల్లో నూటికి నూరు తెచ్చుకున్న పిల్ల. పరుపు కొలతలకు అన్ని లెక్కలు అక్కర్లేదు మేడం.

నమ్మకం కుదరకపోతే ఎవరినైనా పంపి మా ఇల్లు చూడండి.

తమ విధేయుడు,
కాలేసాబ్

తా.క.: వచ్చేవారిని తల వంచుకుని రమ్మనండి. ఓటర్ల లెక్కకు వచ్చినాయనకు మా గుమ్మం తగిలి నుదురు వాచింది. కోపంతో ఒక ఓటు తగ్గించి రాసుకుపోయాడు.

*

హిందూపురం, 14-7-1998

కాలేసాబ్ గారికి ప్రిన్సిపాల్ భవాని వ్రాయునది.

మీ ఇల్లు చూసివచ్చిన మా లెక్చరర్ అష్రఫ్ చెప్పింది విని నిర్ఘాంతపోయాను. ఇంట్లో సోఫా, కలర్ టీవీ! వాకిట్లో మోటారు సైకిలు, పాలిచ్చే గేదె! మీరేమో పరిగిలో పనికి వెళ్ళారట. గేదె పక్కన నిలబడ్డ మారక్క అనే ఆమె మా వాడితో అన్న మాటలివి: "కాలేసాబన్నకేం తక్కువప్పా! సోమందేపల్లి కాడ తోట ఉండాది. ధర్మవరంలో పట్టుచీరల అంగడి ఉండాది. దుడ్లకు కొదవే లేదు."

ఇంత ఉండి పేదపిల్లల సాయానికి చెయ్యి చాస్తారా? ఇచ్చిన సగం కూడా రద్దు చేస్తున్నాను. నెలాఖరులోగా మొత్తం కట్టకపోతే అమ్మాయి పేరు కొట్టేస్తాం.

భవాని

తా.క.: మీ వీధి ఆడవాళ్ళు అష్రఫ్ చేత కళ్ళజోడు తీయించి కళ్ళు చూశారట. నాలుగడుగులు నడిపించి కాళ్ళు చూశారట. మేము పంపింది ఇల్లు చూడమని. ఆయన్ను చూడమని మిమ్మల్నెవరడిగారు?

*

పెనుకొండ, 17-7-1998

మేడం గారికి, తల వంచుకున్న కాలేసాబ్ నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి కూలబడ్డాను. సోఫా మీద కాదు మేడం, నేల మీద. సోఫాను దాని సొంతదారుడు తిప్పన్న తీసుకుపోయాడు.

ఎవరొస్తున్నారని వీధివాళ్ళు మా అమ్మ హుసేనమ్మను అడిగారట. నేను నిలదీస్తే ఇప్పుడు చెబుతోంది: "ఫీజు తగ్గించమని అడిగినామని చెప్తే మానం పోతాది కదప్పా. అందుకే మన రిహానాను చూసేకి హిందూపురం సంబంధమోళ్ళు వస్తాండారని చెప్పినా."

ఆ మాట వింటే మా వీధి ఊరుకుంటుందా? పెళ్ళిచూపులంటే ఎవరింట్లో ఉన్నదైనా ఆ పూటకు ఆ పిల్లదే. టీవీ యల్లక్కది. మోటారు సైకిలు, ధర్మవరం అంగడి శ్రీనివాసులువి. గేదె, తోట మారక్కవి. నాదంటూ ఉన్న చాపను పరువు తక్కువని అటక మీద దాచేశారు.

పిల్ల అన్నం ముట్టడం లేదు. పేరు కొట్టేయకండి. మీకు దండం పెడతాను.

కాలేసాబ్

తా.క.: వీధంతా మా అమ్మతో మాటలు మానేసింది. అబద్ధం చెప్పినందుకు కాదు. వచ్చింది పెళ్ళికొడుకే అనుకుని పులావులోకి మారక్క తన కోడిపుంజును ఇచ్చింది.

*

హిందూపురం, 21-7-1998

కాలేసాబ్ గారికి,

నా సర్వీసులో ఇలాంటి కథ వినలేదు. ఉత్తరంలో రాస్తే ఫీజులు తగ్గించే మా కమిటీ నమ్మదు. ఏ వస్తువు ఎవరిదో సోమవారం కమిటీ ముందు రుజువు చేయండి.

భవాని

తా.క.: సంతకాలు పెట్టిన కాగితాలు తేవద్దు. మీ వీధివాళ్ళు దేని మీదైనా సంతకం పెట్టేలా ఉన్నారు.

*

పెనుకొండ, 23-7-1998

మేడం గారికి,

మీరు చెప్పినట్టే రుజువు తెస్తున్నాం. లారీ మాట్లాడాం.

కాలేసాబ్

తా.క.: మీ గేటు వెడల్పెంత? గేదె సాధువే గానీ కొత్తచోట బెదురుతుంది.

*

హిందూపురం, 27-7-1998

కాలేసాబ్ గారికి, ఇంకా తేరుకోని భవాని వ్రాయునది.

పొద్దున వచ్చేసరికి నా గది ముందు సోఫా, సోఫా మీద తిప్పన్న. టీవీని ఒళ్ళో పెట్టుకుని యల్లక్క. రుజువంటే వస్తువులే తెస్తారని నేను కలలో కూడా అనుకోలేదు. కమిటీవాళ్ళు గేదెతోనే మొదలుపెట్టారు. మారక్క పిలవగానే గేదె పరుగున వచ్చింది. మీరు పిలిస్తే తల కూడా తిప్పలేదు. కమిటీకి అదొక్కటే చాలింది.

మధ్యాహ్నానికి ఎవరి వస్తువు వాళ్ళు లారీకెక్కించారు. చివరికి మా ఆవరణలో మీదంటూ మిగిలింది రిహానా ఒక్కతే. ఆ పిల్లను మాత్రం తిరిగి పంపం. ఫీజు మొత్తం మాఫీ చేశాం. అలాంటి వీధి ఉన్నందుకు మిమ్మల్ని చూస్తే నాకు అసూయగా ఉంది.

భవాని

తా.క.: పోతూ పోతూ మీ అమ్మగారు అష్రఫ్‌ను జీతమెంతని అడిగారు. ఆయన చెప్పగానే గుండె మీద చెయ్యేసుకుని, "అయ్యో నాయనా, ముందు నువ్వు పెట్టుకోవాల్సిండె గదప్పా అర్జీ!" అన్నారు. సాయంత్రానికి జీతం పెంచమని ఆ అర్జీ నా బల్ల మీద ఉంది. కింద మా లెక్చరర్లందరి సంతకాలూ ఉన్నాయి.