మా ఆయన నంబరు తిరిగి ఇప్పించే విషయం

టెలిఫోన్ ఆఫీసులో అందరికన్నా పెద్ద అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా ఇంటి ల్యాండ్‌లైను తీసివేసి వైర్‌లెస్ ఫోను పెట్టిన సందర్భములో రద్దయిన 247036 అను నంబరును ఉన్నది ఉన్నట్టుగా తిరిగి ఇప్పించుట గురించి.

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే కింది వాటాలో కుట్టుమిషను పెట్టుకున్న అమ్మాయి ఈ అర్జీ రాస్తున్నది. "వృద్ధురాలను, నిస్సహాయురాలను" అని మొదలుపెడతానన్నది. మొదటి మాట ఉంచి రెండోది కొట్టేయమన్నాను. తమ ఆఫీసు మెట్లు ఆరుసార్లు ఎక్కి దిగిన మనిషిని నేను. ఏడోసారి ఎందుకు రాలేకపోతున్నానో కింద మనవి చేసుకుంటున్నాను.

1. మా ఆయనది దుకాణాలకు బోర్డులు రాసే పని. నలభై ఏళ్లు ఈ ఊళ్లో మందుల షాపులకూ, క్షౌరశాలలకూ, సైకిలు షాపులకూ ఆయనే రాశారు. ప్రతి బోర్డుకూ కింద కుడి మూలన చిన్న అంకెల్లో మా ఇంటి ఫోను నంబరు వేసేవారు. పేరు వేసేవారు కారు. "పేరు పెట్టుకుని ఎవడేం చేసుకుంటాడే? పని కావాలంటే ఫోను చేస్తాడు" అనేవారు. ఇప్పుడు రెండేళ్లుగా ఆయనకు మతి నిలవడం లేదు. తన పేరు పోయింది. వీధి పేరు పోయింది. నేను కొన్ని పూటలు గుర్తుంటాను, కొన్ని పూటలు ఉండను. నంబరు ఒక్కటే పోలేదు. నిద్రలో లేపి అడిగినా ఆరంకెలూ గడగడా చెబుతారు.

2. ఆయన కాలు ఇంట్లో నిలవదు. ఊరంతా తిరిగి గోడలెక్కిన మనిషి కదా. ఈ రెండేళ్లలో, పాత ఫోను ఉన్నంతవరకు, పదకొండుసార్లు దారి తప్పారు. పదకొండుసార్లూ ఎవరో ఒకరు ఫోను చేశారు. "అమ్మా, ఇక్కడ ఒక పెద్దాయన ఉన్నారు. పేరేంటంటే ఏదో నంబరు చెబుతున్నారు" అనేవారు. "కూర్చోబెట్టు నాయనా, కాసిని మంచినీళ్లియ్యి, ఇదిగో వస్తున్నా" అనేదాన్ని. ఒకసారి లారీ షెడ్డు కాపలావాడు, ఒకసారి మంగలి, ఒకసారి బడిలో పాఠం ఆపుకుని పంతులమ్మ. మాకు పిల్లలు లేరు. ఆ ఫోను మోగితే చాలు, ఆయన దొరికినట్టే.

3. ఇలా ఉండగా తమ ఆఫీసు మనిషి ఒకడు మెడలో కార్డు వేసుకుని వచ్చి, మా వీధిలో తీగలన్నీ పీకేస్తున్నామనీ, దానికి బదులు కొత్త ఫోను ఉచితంగా పెడతామనీ చెప్పాడు.

"అదే ఫోనా బాబూ?" అని అడిగాను.

"అదే మామ్మగారూ. తీగ ఒక్కటే ఉండదు. ఇక్కడ వేలు వెయ్యండి" అన్నాడు.

వేశాను. ఆ కాగితంలో పాత నంబరు వదులుకుంటున్నట్టు రాసి ఉందట. తీగ పోతే నంబరు కూడా పోతుందని నాకెలా తెలుస్తుంది? మా వీధిలో నల్లా గొట్టాలు మార్చినప్పుడు ఇంటి నంబర్లు మారలేదే.

సదరు కొత్త ఫోను వంటింటి కిటికీలో తప్ప మరెక్కడ పెట్టినా పలకదు. మోగినప్పుడు పాట వస్తుంది. ఆయన లేచి, పాడేది ఎవరా అని మంచాల కింద వెతుకుతారు. ఈ సంగతి చెప్పడానికే మొదటి వారంలో అయిదుసార్లు తమ ఆఫీసుకు వచ్చాను, నంబరు మారిందని అప్పుడూ ఎవరూ చెప్పలేదు. ఇది పెద్ద ఫిర్యాదు కాదు, అయినా రాయించాను.

4. ఇది పెద్ద ఫిర్యాదు. ఫోను మార్చిన తొమ్మిదో రోజు ఆయన పొద్దున్నే వెళ్లారు. ఆ రోజంతా రాలేదు. నేనూ, ఈ అమ్మాయీ తిరగని సందు లేదు. మరునాడు మధ్యాహ్నం, ఊరికి ఆ చివర, మూతపడిన గడియారాల షాపు ముందు దొరికారు. చొక్కా చిరిగింది. మోచేయి చెక్కుకుపోయింది. పెదవులు ఎండి అంటుకుపోయాయి. ఎదురుగా టీ కొట్టు అతన్ని పట్టుకుని అడిగాను, "ఒక్క ఫోను చెయ్యడానికి చేతులు రాలేదటయ్యా?" అని.

అతను మంచివాడే. "రెండుసార్లు చేశానమ్మా. ఈ నంబరు వాడుకలో లేదంటోంది. తలెత్తి చూస్తే అదే నంబరు ఆ బోర్డు మీద ఉంది. పాపం, బోర్డు చూసి చదువుతున్నాడనుకున్నాం" అన్నాడు.

ఆ బోర్డు ఆయన రాసిందే.

ఆనాటి నుంచి తలుపుకు లోపల తాళం వేసి చెవి నా కొంగున కట్టుకున్నాను. ఈ రోజుకు నలభై ఒకటో రోజు. ఆయన ఎప్పుడు తలుపు తోస్తారో అని నేను కూడా గడప దాటడం లేదు. బియ్యం, మందులు ఈ అమ్మాయి మెట్ల వైపు కిటికీలోంచి అందిస్తున్నది. ఆయన వెళ్లి తలుపు తోస్తారు, కూర్చుంటారు, మళ్లీ తోస్తారు. కొన్ని పూటలు "ఏమ్మా, నేనేం తప్పు చేశానని?" అని అడుగుతారు. నేను కొంగున చెవి తడుముకుంటాను.

5. కొత్త నంబరు నేర్పించవచ్చు కదా అని తమకు తోచవచ్చు. నేర్పించాము. పది అంకెలు, ఇరవై రోజులు. మూడో అంకె దగ్గరికి వచ్చేసరికి పాతదానిలోకి వెళ్లిపోతారు. చొక్కా జేబు మీద ఈ అమ్మాయి ఎర్ర దారంతో కొత్త నంబరు కుట్టింది. ఆయన దాన్ని చాలాసేపు చూసి, "ఇది తప్పు. తప్పు రాస్తే పరువు పోతుంది" అని గోటితో ఒక్కొక్క కుట్టే విప్పేశారు. మళ్లీ కుట్టింది. మళ్లీ విప్పారు. పనిలో అంత పట్టుదల గల మనిషి.

6. తాళం వేశాక ఒకే ఒక్కసారి బయటికి వచ్చాము. నేనొక చెయ్యి, ఈ అమ్మాయి ఒక చెయ్యి పట్టుకుని, ఆటోలో ఆయనను తమ కౌంటరు దగ్గరికి తీసుకువచ్చాము. అదే నా ఆరో రాక. కౌంటరులోని గుమస్తా గారు కంప్యూటరు చూసి, సదరు నంబరు ఇంకా ఎవరికీ ఇవ్వలేదనీ, తొంభై రోజులు ఖాళీగా ఉంచుతారనీ, ఫోను ఆయన పేరున ఉన్నది కాబట్టి ఆయన పేరు చెప్పి సంతకం పెడితే తిరిగి రావచ్చనీ సెలవిచ్చారు.

"మీ పేరేంటండీ పెద్దాయనా?"

"రెండు నాలుగు ఏడు సున్నా మూడు ఆరు."

"నంబరు కాదండీ, పేరు."

ఆయన మళ్లీ అదే చెప్పారు, ఈసారి చెవిటివాడికి చెప్పినట్టు గట్టిగా. సంతకం పెట్టమని కాగితమిస్తే, కింద కుడి మూలన చిన్నగా, అందంగా, నంబరు వేశారు. గుమస్తా గారు ఆ కాగితం చింపేశారు. నేను వేలిముద్ర వేస్తానన్నాను. "మీ ముద్ర చెల్లదు మామ్మగారూ" అన్నారు. తీసేసుకున్ననాడు చెల్లిన వేలు తిరిగి ఇచ్చేనాడు ఎందుకు చెల్లదో తమరే కనుక్కోవలెను. అదే వేలు. నేను మార్చలేదు.

కావున తమరికి నా మనవి ఒక్కటే. ఉచితం అక్కర్లేదు, తీగ అక్కర్లేదు, కిటికీలోనే పలికినా సర్దుకుంటాను. ఆ ఆరంకెలు మోగితే చాలు. ఫోను మార్చి నేటికి యాభై ఒక్క రోజులైనవి. తొంభై దాటి నంబరు మరొకరికి పోతే, ఎక్కడో ఎవరో విసుక్కుంటూ "రాంగ్ నంబర్" అని పెట్టేస్తారు. ఆ తరువాత నేను ఆయనను బతికున్నంతకాలం గదిలో పెట్టి ఉంచాలి. ఈ సంగతి తమ చిత్తమునకు ఎక్కించుకుని, ఫైలు కింద పెట్టక, ఈ రోజే చిత్తగించవలెను.

"తమ విధేయురాలు" అని రాయాలట. నంబరు వచ్చేదాకా అలాగే రాయమన్నాను.

తమ విధేయురాలు,
బోర్డులు రాసే ఆయన భార్య
(ఎడమ చేతి బొటనవేలి ముద్ర. చెల్లినా చెల్లకపోయినా.)

తా.క.: అయ్యా, కాగితం మడుస్తుండగా ఆయన వచ్చి నా ముందు నిలబడ్డారు. చెప్పులు వేసుకున్నారు. తల దువ్వుకున్నారు. నాకు చేతులు జోడించి, "తల్లీ, మీరెవరో గానీ నన్ను బాగానే చూసుకున్నారు. ఇంక తాళం తియ్యండి. ఇంటి దగ్గర మా ఆవిడ ఒక్కతే ఉంటుంది. నేను వెళ్లేదాకా అన్నం ముట్టదు" అన్నారు.

తీశాను. ఈ అమ్మాయి "వద్దు మామ్మగారూ" అంటూనే ఇది రాస్తున్నది. ఆయన మెట్లు దిగుతున్నారు. నేనూ వెనకే పోతున్నాను, కానీ ఆయన నడక నాకు అందదు, సందు మలుపు దాకా కనిపిస్తే గొప్ప. కిటికీ దగ్గర ఫోను పక్కన ఈ అమ్మాయి తల్లిని కూర్చోబెట్టాము. ఈ అమ్మాయి కాగితం పట్టుకుని తమ దగ్గరికి పరుగెత్తుకు వస్తుంది, గుమ్మంలో ఆపవద్దని చెప్పండి. సాయంత్రంలోగా ఎవరో ఒకరు ఆయనను ఆపి అడుగుతారు. ఆయన చెబుతారు. వాళ్లు ఆరంకెలూ నొక్కుతారు. నొక్కితే అవతల ఏం వినపడాలో తమరు చూడండి.