ఇంజన్ లేని బండికి బొట్టు

బాపూ,

నువ్వు పోయాక ఇది రెండో దసరా. నీ అంబాసిడర్ ఇప్పుడు కరెంటుతో నడుస్తోంది. అన్న ఇంజన్ పీకించి బ్యాటరీలు పెట్టించాడు. పాత కారును బతికించాడని జనగామలో పాత కార్ల ప్రేమికులు ఈరోజు అన్నకు శాలువా కప్పారు. ప్రేమికులట! ఫొటోలు దిగారు గానీ, ఇంజన్ ఏమైందని ఒక్కరూ అడగలేదు.

ఆయుధ పూజకు నన్ను పిలిచారు. ఏటా నువ్వు బానెట్ ఎత్తి, నా వేలు పట్టుకుని ఇంజన్‌కే మొదటి బొట్టు పెట్టించేవాడివి. "పానం గీడ ఉంటది బిడ్డా, పైన రేకుకు పెడితే ఏమొస్తది?" అనేవాడివి. అలవాటుగా ఈరోజూ బానెట్ ఎత్తి, కుంకుమ వేలు లోపలికి చాపాను.

"గాడ పెట్టకే చెల్లె, షాక్ కొడ్తది!" అని అన్న అరిచాడు. అందరూ నవ్వారు.

రేకుకే పెట్టాను.

"బాపు ఉంటే ఎంత ఖుష్ అయితుండెనో," అన్నాడు అన్న. నేను బానెట్ దించాను. బండిని నా పేరు మీద రాయించి పోయావు. ఇంజన్ తీయించేందుకు అన్న కాగితం తెచ్చిన రోజు, డీజిల్ కంపు వదులుతుందని నవ్వుతూ సంతకం పెట్టింది నేనే.