సైన్యం పంపిన పిండి

సాన్ హెరోనిమో గనులు,
నవంబరు 4, మంగళవారం.

దేశాధ్యక్షులు, సర్వసైన్యాధిపతి, జనరల్ ఎలియోదోరో వీల్కా గారి సముఖమునకు,

అక్క నికోలాసా దీవించి రాయునది. ఇక్కడ నేను క్షేమం. నీ క్షేమం రోజూ ఉదయం ఏడింటికి రేడియోలో వింటూనే ఉన్నాను. పైన ఆ బిరుదులన్నీ నీ ఉత్తరాలు విప్పి చూసేవాళ్ళ కోసం రాశాను. ఇక ఇక్కడి నుంచి నువ్వు నాకు ఎలియోవే. కోపం వస్తే రానీ.

అమ్మ ఆగస్టులో పోయింది. నువ్వు రాలేకపోయావు, దండ వచ్చింది. దాని రిబ్బను మీద అమ్మ పేరు కంటే నీ పేరు పెద్దగా ఉంది. అప్పుడేమీ అనలేదు. ఇప్పుడు రాస్తున్నది మొన్నటి ఆత్మల పండగ సంగతి. మీ లెఫ్టినెంటు రాసే రిపోర్టు ఎలాగూ నీ బల్ల మీదికి వస్తుంది. అంతకంటే ముందు నా మాట నీ చెవిన పడాలి.

కొత్తగా పోయినవాళ్ళకి మొదటి ఏడు ఎంత ముఖ్యమో నీకు నేను చెప్పాలా? ఒకటో తారీఖు మధ్యాహ్నం పన్నెండింటికి వస్తారు, మర్నాడు పన్నెండింటికి వెళ్ళిపోతారు. ఆలోపల బల్ల వేసి, పోయిన మనిషికి రొట్టెతో బొమ్మ చేసి పెట్టాలి. ఊళ్ళోవాళ్ళు వచ్చి ప్రార్థన చెప్పి రొట్టె పట్టుకెళ్ళాలి. ఇంటివాళ్ళు ఎంత చెప్పినా లెక్కలోకి రాదు. బయటివాళ్ళు చెప్పిందే పోయినవాళ్ళకి దారిబత్తెం. అమ్మ ఎన్ని ఇళ్ళకి వెళ్ళి మోకాళ్ళు నొప్పెట్టేదాకా చెప్పి వచ్చిందో నాకు తెలుసు. ఆవిడ ఆకలితో తిరిగి వెళ్ళకూడదు. నా బాధంతా అదొక్కటే.

నువ్వు పిండి పంపావు. పది బస్తాలు, ఒక ట్రక్కు, ఆరుగురు సైనికులు, వాళ్ళ మీద మీసం సరిగ్గా రాని లెఫ్టినెంటు. మంచి తెల్లటి పిండి, కాదనను. కానీ అది మన వీధిలోంచి వస్తుంటే ఆడవాళ్ళు తలుపు సందుల్లోంచి ఎలా చూశారో నువ్వు చూడాల్సింది. నిరుడు ఈ పండక్కి మన ఊరికి పిండి రానివ్వలేదు. బళ్ళన్నీ వంతెన దగ్గర నుంచే వెనక్కి తిప్పేశారు. ఈ ఏడూ అంతే. నిరుడు ఫిబ్రవరిలో గని గేటు దగ్గర కాల్పుల్లో పద్నాలుగు మంది పోయారు. శవాలు ఇవ్వలేదు. ఎవరూ పోలేదని, సరిహద్దు దాటి పారిపోయారని నువ్వే రేడియోలో చెప్పావు. చావనివాళ్ళకి రొట్టెబొమ్మలు ఎందుకని పిండి ఆపించారు. అలాంటి ఊళ్ళో మన గుమ్మం ముందు పది బస్తాలు దించారు. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

అయినా చేశాను. ఒక బస్తా విప్పి రెండు రోజులు కాల్చాను. బల్ల మీద అమ్మకి ఇష్టమైనవన్నీ పెట్టాను: కారం వేసిన దుంపలు, కోకా ఆకు, ఒక గ్లాసు జొన్నకల్లు. పన్నెండు కొట్టారు. ఒంటిగంటయింది, రెండయింది. పురుగు కూడా తొంగిచూడలేదు.

నా అవస్థ చూసి లెఫ్టినెంటు, మా వాళ్ళు చెబుతారు మేడమ్ అన్నాడు. ఆరుగురూ వరసలో నిలబడి కవాతు చేసినట్టు ప్రార్థన చెప్పారు. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. మీరు ట్రక్కులో కూర్చోండి నాయనా అని పంపేశాను.

ఒక్కదాన్నే బల్ల ముందు కూర్చుంటే ఏవేవో గుర్తొచ్చాయి. నాన్న ఊపిరితిత్తులు దుమ్ముకి పోయాక అమ్మ పన్నెండేళ్ళు గని పారబోసిన రాళ్ళగుట్ట మీద కూర్చుని, మిగిలిన ముడిలోహం కోసం సుత్తితో రాళ్ళు పగలగొట్టింది. నువ్వు ఆఫీసర్ల బడికి వెళ్ళేరోజు నీ కాళ్ళకి బూట్లు లేకపోతే నీ నేస్తం రుఫీనో తన కొత్త జత ఇచ్చాడు. ఆ ఏడంతా అతను రబ్బరు చెప్పులతో గనిలోకి దిగాడు. నువ్వు కెప్టెనువి, కర్నలువి అయ్యావు. ఆఖరికి ఒకరోజు పొద్దున్నే రేడియోలో నీ పేరు చెప్పారు. ఊరంతా వీధుల్లోకొచ్చి గంతులేసింది, గనివాడి కొడుకు గద్దెక్కాడని. అమ్మ మాత్రం పొయ్యి దగ్గర నుంచి కదలలేదు. వాడి పైన ఇంకెవరున్నారే అని అడిగింది. ఎవరూ లేరమ్మా, వాడే అందరికన్నా పైన అన్నాను. “అయితే తప్పు చేస్తే చెంపదెబ్బ కొట్టేవాడెవడు?” అంది. ఆ మాట అప్పుడు నాకు అర్థం కాలేదు. నాలుగేళ్ళ తర్వాత జీతాలు కోశావు, గనివాళ్ళు గేటు దగ్గర కూర్చున్నారు, తుపాకులు పేలాయి. ఆ పద్నాలుగు మందిలో రుఫీనో ఒకడు.

మూడింటికి చేతుల పిండి దులుపుకుని రుఫీనో భార్య బసీలియా ఇంటికి వెళ్ళాను. అమ్మ కోసం ఒక్కసారి రా, నువ్వొస్తే ఊరంతా వస్తుందన్నాను. బసీలియా నీళ్ళు తోడుతోంది. తల కూడా ఎత్తలేదు.

“మీ అమ్మ మంచిదే, నికోలాసా. కానీ మా ఆయన పారిపోయాడటగా, సరిహద్దు దాటి. పోయినేడు ఆయనకి బొమ్మ లేదు, ప్రార్థన లేదు. ఆకలితో ఎక్కడ తిరుగుతున్నాడో. ముందు ఆయన సంగతి చూడనీ” అంది.

నేను తిరిగొచ్చి మిగిలిన తొమ్మిది బస్తాలూ వాకిట్లోకి లాగించాను. పద్నాలుగు ఇళ్ళకీ కబురు పంపాను. లెఫ్టినెంటు అడ్డం వచ్చి, అది సర్కారు సొత్తు, ఇవ్వడానికి వీల్లేదన్నాడు. మా అమ్మ పండక్కి మా తమ్ముడు పంపిన పిండి, ఆపాలనుంటే ఆయనకే ఫోను చేసి అడుగు నాయనా అన్నాను. పాపం, గని ఆఫీసుకి పరిగెత్తాడు. పండగపూట రాజధానికి లైను ఎప్పటికి దొరుకుతుంది? అతను తిరిగి వచ్చేసరికి ఊళ్ళో పొయ్యిలన్నీ అంటుకున్నాయి.

తెల్లారేసరికి పద్నాలుగు బల్లల మీద పద్నాలుగు బొమ్మలు లేచాయి. ఒకదానికి గనిటోపీ, ఒకదానికి మీసాలు, గనిలో టీ పంచే దోన్యా పెట్రోనకి రెండు జడలు. ఆ పిండి మీద నీ సైన్యం ముద్ర ఉంది, ఎలియో. లెఫ్టినెంటు ప్రతి ఇంటికీ వెళ్ళి ఎవరి బొమ్మ అని అడిగి పేర్లు కాగితం మీద ఎక్కించుకున్నాడు. ఒక్కరూ దాచలేదు, బతికుండగా పిలిచినట్టే పేర్లు చెప్పారు. ఇన్నాళ్ళకి ఆ పద్నాలుగు పేర్లూ సర్కారు కాగితం మీదికి ఎక్కాయి.

నేను పిండి పంచాను కాబట్టి రెండో తారీఖు పొద్దున తొమ్మిదింటికి జనం మన ఇంటికి వచ్చారు. నిలబడడానికి చోటు లేనంత మంది. అమ్మకి కడుపు నిండింది. నా గుండె మీంచి బరువు దిగింది.

ఇక నేను అడిగేది ఒక్కటే. ఆ ఆడవాళ్ళ జోలికి రాకు. పిండి పంచింది నేను, అడ్డం వచ్చినవాణ్ణి కసిరింది నేను. జైల్లో పెట్టాలంటే నన్ను పెట్టు. మొన్నటి నుంచి మూట కట్టుకునే కూర్చున్నాను.

చలిలో బయట తిరగకు. నీకు చిన్నప్పటి నుంచీ ఛాతీ బలహీనం.

నీ మేలు కోరే,
అక్క నికోలాసా

తా.క. — ఉత్తరం మడిచాక మళ్ళీ విప్పాను. పిండి పంచాను కాబట్టి జనం వచ్చారని రాసింది అబద్ధం. నిజం రాయడానికి చెయ్యి ఆడలేదు. ఆ రోజు పొద్దున బసీలియా ఒక్కతే వచ్చింది, అదీ లోపలికి రావడానికి కాదు. పిండి తీసుకున్నాం, కానీ పిండికి ప్రార్థన అమ్ముకోం అని చెప్పడానికి. చెప్పి వెళ్ళబోతూ బల్ల వైపు చూసింది. అమ్మ బొమ్మ పక్కన ఆ రెండోది ఎవరిదని అడిగింది.

అమ్మ పోయే ముందు నా చేత ఒట్టు వేయించుకుంది. “చిన్నోడు ఆ గేటు దగ్గరే పోయాడే. మనకెవరూ చెప్పలేదంతే. నా పక్కన వాడికీ ఒక బొమ్మ పెట్టు. నేను లేకపోతే వాడి కోసం ఎవరడుగుతారు?” అంది. అమ్మ మాట కాదనలేక చేశాను. భుజాల మీద నక్షత్రాలు కూడా పెట్టాను. బతికున్నవాడికి బొమ్మ పెట్టడం ఎంత పాపమో నాకు తెలియక కాదు.

ఇదంతా బసీలియాకి చెప్పాను. “అయితే ఆ గేటు దగ్గర పోయింది పదిహేను మంది” అంది ఆవిడ. తర్వాత వెళ్ళి ఊరందరినీ వెంటబెట్టుకొచ్చింది. నీ బొమ్మ ముందు మొదట మోకరిల్లింది ఆవిడే. వచ్చిన ప్రతి మనిషీ అమ్మకొకటి, నీకొకటి ప్రార్థన చెప్పారు. పన్నెండు కొట్టగానే అందరూ వాకిట్లోకొచ్చి అమ్మని సాగనంపారు. నిన్నూ సాగనంపారు, తమ్ముడూ.